దిబ్బల వెనక జలపాతం

అరబ్బు దేశంలో ఆలీ అనే ఊరి పక్కన మట్టిదిబ్బలున్నాయే, చీకటి పడ్డాక వాటి పేరు మన తెలంగాణ కూలీల క్యాంపులో ఎవరూ ఎత్తేవారు కాదు. వేల ఏళ్లనాటి గోరీలవి. ఎవరి గోరీలో చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదు. అటు నడిచిపోతే దెయ్యం పేరు పెట్టి పిలుస్తుందట... సైకిల్ మీద పోతే గొలుసు ఊడుతుందట... కారులో పోతే బండి ఆగిపోతుందట. ఆ తర్వాత — ఒక ఆడమనిషి నవ్వు.

మొదట్లో ఆమె తెల్లబట్టల్లో ఉండేది. ఈ దేశంలో మగాళ్లంతా తెల్లబట్టలే కదా, ఎట్లా గుర్తుపట్టాలని ఎవరో అడిగారు. నల్లబట్టలకు మారింది. ఆడవాళ్లంతా నల్లబట్టలే కదా అన్నారు. చివరికి బట్టల గొడవ వదిలేసి నవ్వొక్కటే మిగిలింది.

ఈ మార్పులన్నీ చేసింది లింబాద్రి. ఎందుకంటే ఆ దెయ్యాన్ని పుట్టించింది అతనే.

లింబాద్రి నిజామాబాద్ జిల్లా మనిషి, సెంట్రింగు పని. గదికి పన్నెండు మంది. తొంభైల్లో ఇంటికి కబురంటే టేపురికార్డరులో మాట్లాడి, ఆ క్యాసెట్టు సెలవు మీద పోయేవాడి చేతికివ్వడమే. గదిలో కూచుని మాట్లాడితే పన్నెండు మంది దగ్గులూ అందులో పడతాయి. అంతకన్నా పెద్ద చిక్కు — భార్య వినోదకు లింబాద్రి చెప్పేవన్నీ అబద్ధాలు. నిజం తెలిసిన పదకొండు మంది ముందు అబద్ధమాడాలంటే దమ్ము కావాలి.

అందుకే దిబ్బలు. అక్కడికి ఇంకెవరూ రాకుండా దెయ్యం.

క్యాసెట్లలో లింబాద్రి కాలినడకన తోటలు చూశాడు. సైకిలెక్కి సముద్రం ఒడ్డంతా తిరిగాడు. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, కారులో పోయి, గుట్ట మీంచి దూకే నీళ్ల కింద స్నానం చేశాడు. నిజానికి రెండేళ్లలో అతను చూసింది క్యాంపు, సైటు, రెంటి నడుమా బస్సు కిటికీ. కిటికీ సీటు కూడా రోజూ దొరికేది కాదు.

ఊళ్లో ఆ క్యాసెట్టు వినోద ఒక్కతే వింటుందా? వాడకట్టంతా వింటుంది. అరబ్బు దేశమేదైనా ఊరికి దుబాయే. ఆ దుబాయిలో ఇన్ని నీళ్లున్నాయా అని ముక్కున వేలేసుకుంటుంది. బోర్లు ఎండిన ఊరు మరి. ఆ నీళ్ల ముచ్చట వచ్చినచోట టేపును వెనక్కి తిప్పించుకుని మళ్లీ వినేవారట.

అట్లాంటి రోజుల్లో వినోద దగ్గర్నుంచి క్యాసెట్టు వచ్చింది. "మా తమ్ముడు నర్సింలుకు వీసా అచ్చింది. నువ్వు చూసినయన్ని వానికి చూపియ్యి. ఎట్లున్నయో వాడు నాకు చెప్తడు."

లింబాద్రి ఆ ముక్కను రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు.

నర్సింలు దిగాడు. మొదటి శుక్రవారం బావ అతనికి కాలినడకన తోట చూపించాడు. అది రోడ్ల కూడలి నడుమ గుండ్రంగా పెంచిన గడ్డి.

"తోటంటె గింతేనా బావా?"

"గడ్డి చూడు, ఎంత పచ్చగున్నదో."

చుట్టూ కార్లు ఆగకుండా తిరుగుతుంటే రోడ్డు దాటలేక ఇద్దరూ గంటసేపు ఆ పచ్చదనాన్ని చూశారు.

రెండో శుక్రవారం ఇస్త్రీ కొట్టు మలయాళీని బతిమాలి సైకిలు తెచ్చి, బామ్మర్దిని వెనక కూచోబెట్టుకుని బుసైతీన్ ఒడ్డు దాకా తొక్కాడు. సముద్రం ఉంది. అదొక్కటే లింబాద్రి మాట నిలబెట్టింది. కాకపోతే ఒడ్డున లారీలతో మట్టి పోసి దాన్ని పూడుస్తున్నారు.

"ఇగ నీళ్లు దుంకే గుట్ట చూపియ్యి బావా," అన్నాడు నర్సింలు.

"అది దిబ్బల అవతలుంటది. గని నడుమ దెయ్యమున్నది."

"నడిచిపోతె?"

"పేరు వెట్టి పిలుస్తది."

"సైకిలు మీద?"

"గొలుసు ఊడుతది."

"కారుల?"

"బండి ఆగుతది."

"ఊళ్లె బొందలగడ్డ పక్కన మక్కచేనుకు ఒక్కన్నే కావలి పండేటోన్ని. నాకేం భయం?" అన్నాడు నర్సింలు. అన్నవాడు ఊరుకోక ఇజాజ్‌ను పట్టుకున్నాడు. ఇజాజ్ బోధన్ మనిషి, కఫీల్ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటిల్లిపాదీ నిద్రపోతే గానీ బండి దొరకదు. అందుకని గురువారం రాత్రి పదకొండు దాటాక ముగ్గురూ బయల్దేరారు.

దిబ్బల దగ్గరికి వచ్చేసరికి... బండి ఆగిపోయింది.

"ఏమైంది ఇజాజ్ భాయ్?" నర్సింలు గొంతు తగ్గింది.

"నేనే ఆపిన. ముందల తొవ్వ లేదు."

దీపాలు ఆర్పాడు. చీకటి... గాలి లేదు, చప్పుడు లేదు. కుడి ఎడమలా దిబ్బలు, ఒకదాని వెనక ఒకటి...

లింబాద్రి ధైర్యంగానే ముందు నడిచాడు. తను పుట్టించిన దెయ్యానికి తనే భయపడతాడా? పది అడుగులు... ఇరవై...

అప్పుడు వినబడింది.

గొంతు. తెలుగు గొంతు. మెల్లగా... దిబ్బ లోపల్నుంచి వస్తున్నట్టు...

"...నీళ్లు గుట్ట మీదికెల్లి దుంకుతున్నయ్... నా మీద తుంపర వడుతున్నది... సల్లగ..."

అవి తన మాటలు. పొల్లుపోకుండా తన అబద్ధం. తను నోరు తెరవకుండానే అది మాట్లాడుతోంది.

ఇజాజ్ వణుకుతూ దువా చదివాడు. ఇప్పుడడిగితే ఒప్పుకోడు. నర్సింలు మటుకు టార్చి వేశాడు.

దిబ్బ చాటున బాలన్న. ఒళ్లో టేపురికార్డరు. క్యాంపులో అందరికన్నా పెద్దవాడు, పద్నాలుగేళ్లుగా తాపీ పని చేస్తున్నాడు. దెయ్యం పేరెత్తితే ముసుగు తన్నే మనిషి.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ బాలన్నా?" లింబాద్రి అడిగాడు.

"మా ఇంటామె ముత్తెమ్మతోని." బాలన్న మీట నొక్కి టేపు ఆపాడు. "ఒకనాడు నీ ఎనుకనే అచ్చి, నువ్వు చెప్పేది ఇన్న. మంచిగనిపించింది. పద్నాలుగేండ్లల నాకు గసోంటి మాట ఒక్కటి తట్టలే."

"మరి దెయ్యమంటె భయం గాలేదా?"

"దెయ్యం నువ్వేనాయె."

లింబాద్రి సిగ్గుతో చచ్చిపోయాడు. తోట పోయింది, గుట్ట పోయింది. రేపు వాడకట్టంతా నవ్వుతుంది. వాళ్ల ముందు వినోద తలెత్తుకోలేదు.

నర్సింలు టార్చి ఆర్పేశాడు. చీకట్లోనే అడిగాడు.

"ఇంకో క్యాసెట్టున్నదా బాలన్నా?"

ఉంది. నర్సింలు గొంతు సవరించుకున్నాడు.

"అక్కా... నేను నర్సింలును. బావ అన్ని చూపిచ్చిండు. నడిపిచ్చుకుంట తోటకు, సైకిలు మీద సముద్రానికి, కారుల గీ నీళ్లకాడికి తోల్కచ్చిండు. బావ నీకు చెప్పింది తక్కువనే..."

లింబాద్రికి ఏడుపు ఆగలేదు. టేపులో పడుతుందని నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు.

నెలన్నరకు జవాబు క్యాసెట్టు వచ్చింది. ఇక దాచేదేముంది? ఇజాజ్‌ను కూడా పిలిచి, నలుగురూ గదిలోనే టేపు చుట్టూ కూచున్నారు.

వినోద గొంతు హుషారుగా ఉంది. "మొదాలు నీ మాట నేను సగమే నమ్మిన. తమ్ముడు చెప్పినంక అంత నమ్మిన. నీళ్ల సప్పుడు గూడ మంచిగ ఇనవడ్డది."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గాలి చప్పుడై ఉంటుందని ఇజాజ్ గొణిగాడు. ఆ రాత్రి గాలే లేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

టేపు కాసేపు ఖాళీగా తిరిగింది. తర్వాత వినోద, పక్కన ఎవరూ వినకుండా అన్నట్టు, మెల్లగా అడిగింది.

"గని ఒక్క ముచ్చట నిజం చెప్పు... తమ్ముడు మాట్లాడుతుంటె, ఎనుకకెల్లి గంతగనం నవ్విన ఆడామె ఎవలు?"