ఆరుతున్న సున్నం

పరుగు!

రెమే మెట్లెక్కుతోంది. వెనక ఎవరివో అడుగులు... తోలు బూట్ల చప్పుడు!

ఎండ. నడినెత్తిన ఎండ. రెండు వైపులా తెల్లటి గోడలు. కళ్లు మూసుకున్నా తెలుపే. ఆల్మెదార్ ఊరంతా తలుపులేసుకుని కునుకు తీసే వేళ. కొండ కింద సముద్రం కూడా కదలడం లేదు.

ఒక తలుపు బాదింది.

"పకీతా అత్తా! తలుపు తియ్! ఎవడో వెంటపడ్డాడు!"

కిటికీ రెక్క కాస్త తెరుచుకుంది. సందులో ఒక కన్ను.

"పొద్దున శ్మశానంలో మమ్మల్ని హంతకులన్నావు. ఇప్పుడు అత్తనయ్యానా?"

"మిమ్మల్ని అనలేదు! నాన్న కొండ మీంచి తనంతట తను పడలేదు, ఎవరో తోశారన్నాను!"

"ఇల్లు అమ్మనని మీ నాన్న ఊరికి రావాల్సిన హోటల్‌ని ఆపేశాడు. మీ బాబాయ్ అమ్మేద్దామని ఎంత బతిమాలినా వినలేదు. నువ్వైనా సంతకం పెట్టి మీ బిల్బావ్ పట్నానికి పోవే, మహాతల్లీ!"

రెక్క మూసుకుంది. లోపల గడియ పడింది.

అడుగులు దగ్గరయ్యాయి...

ఎదురుగా కమాను. దాని కింద ఇరుకు సందు. దూరింది. అంత వెలుగులోంచి ఒక్కసారిగా చీకట్లోకి... కళ్లు పనిచెయ్యవు! కాలికి ఏదో తగిలింది. బోర్లా పడింది. కుడిచెయ్యి చల్లగా మునిగిపోయింది.

బకెట్! గోడలకు వెల్ల వేస్తున్నవాళ్లు కునుక్కి పోతూ వదిలేసిన పల్చటి సున్నం.

లేచి నిలబడిందో లేదో... మెడ చుట్టూ రెండు చేతులు బిగుసుకున్నాయి!

ముఖం కనిపించలేదు. కలరా ఉండల వాసన మాత్రం తెలిసింది. పెట్టెలోంచి తీసిన నల్లకోటు. అంత్యక్రియలకు ఊళ్లో మగవాళ్లంతా వేసుకున్నది అలాంటిదే.

ఊపిరి ఆడటం లేదు. అయినా మనసులో ఏదో ఒక మూల తీరిగ్గా ఆలోచిస్తోంది... దూరం నుంచి చూసేవాళ్లకి ఇది కౌగిలింతలా ఉంటుంది కదా!

తడిచేత్తో వాడి వీపు మీద గట్టిగా చరిచింది. మోకాలు ఎత్తి పొడిచింది.

ఒక మూలుగు. పట్టు సడలింది.

మళ్లీ పరుగు!

చిన్న కూడలి. కొళాయి దగ్గర ఆగింది. చెయ్యి మండిపోతోంది. సున్నం చర్మాన్ని తినేస్తుంది. నీళ్లలో పెట్టి రుద్దింది. నాలుగు వేళ్లు, ఒక సగం వేలు. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి ఉంగరపు వేలు సగం తెగిపోయింది. ఆ తలుపు వేసింది నాన్న తమ్ముడు, ఎవరిస్తో బాబాయ్. పొరపాటున. ఆ రాత్రంతా ఆమెకంటే ఎక్కువ ఏడ్చింది కూడా ఆయనే.

"రెమే!"

ఎవరిస్తో బాబాయ్! రొప్పుతూ ఎదురొచ్చాడు. "నీకోసం ఊరంతా వెతుకుతున్నా తల్లీ! ఏమైంది? మెడ మీద ఆ ఎరుపేంటి?"

ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. "నన్ను... చంపబోయాడు. ఎవరో చూళ్లేదు."

"అమ్మాయ్! ఆగు!"

కమాను వైపు నుంచి కేక. కోస్మే! వెల్ల వేసేవాడు. ఒంటినిండా సున్నం మరకలు. పరిగెత్తుకొస్తున్నాడు!

"వాడే!" బాబాయ్ ఆమెను ముందుకు తోశాడు. "పద, మా ఇంట్లోకి!"

తలుపు. గడియ. లోపల ఎండ పడుతున్న చిన్న వాకిలి. నిమ్మచెట్టు తొట్టి. బాబాయ్ లోపలికెళ్లి వేట తుపాకీ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

"నాకెందుకిది?"

"నా చేతులు వణుకుతున్నాయి, చూడు. మీ నాన్నను తోసింది వాడే. నా కళ్లతో చూశాను. వాడికి భయపడి నోరు మూసుకున్నాను."

ధన! ధన! తలుపు అదురుతోంది.

"రెమే! తలుపు తియ్!" కోస్మే గొంతు. "నీతో ఒక మాట చెప్పాలి! నువ్వొక్కదానివే వినాలి!"

"విన్నావా? నువ్వొక్కదానివే కావాలట." బాబాయ్ గొంతు తగ్గించాడు. "గడియ తీస్తాను. వాడు అడుగు లోపల పెట్టగానే కాల్చు. ఆత్మరక్షణే కదా... ఎవరూ నిన్ను ఏమీ అనరు."

ఆమె తుపాకీ ఎత్తింది. భయం ఎక్కడికో పోయింది. దాని స్థానంలో ఏముందో ఆమెకే తెలియదు.

బాబాయ్ తలుపు వైపు నడిచాడు. కాస్త కుంటుతూ. ఎండ ఆయన వీపు మీద పడింది.

నల్లకోటు. వీపు మధ్యలో తడి. చెమటేమో...

చెమట ఇంత తెల్లగా ఆరదు.

చిన్నప్పుడు మొదటిసారి తను గోడకి వెల్ల వేసింది. తడిగోడ మురిగ్గానే కనిపించింది. సున్నం పాడుచేశానని ఏడ్చింది. నాన్న పక్కన కూర్చుని, "ఆగవే, ఎండనివ్వు" అన్నాడు. చూస్తూ ఉంటే గోడ నెమ్మదిగా, తనంతట తనే తెల్లబడింది.

ఇప్పుడు కోటు తెల్లబడుతోంది.

ముందు అరచెయ్యి. తర్వాత బొటనవేలు. చూపుడువేలు. మధ్యవేలు. చిటికెన వేలు...

ఆ రెండింటి మధ్యలో సగం వేలు.

"బాబాయ్..."

"చూపు తలుపు మీద పెట్టు తల్లీ."

గడియ లేచింది.

తుపాకీ గొట్టం పక్కకు జరిగింది. కొద్దిగానే.

"వెనక్కి తిరక్కు బాబాయ్."

తిరిగాడు!

ఆయన కళ్లు గొట్టం మీద ఆగలేదు. దాన్ని పట్టుకున్న ఆమె కుడిచేతి మీద ఆగాయి... ఆ సగం వేలి మీద. తన చెయ్యి వెనక్కి పోనిచ్చి వీపు తడుముకున్నాడు. వేళ్లు ముందుకు తెచ్చుకుని చూసుకున్నాడు.

తెలుపు!

"రెమే! నా మాట విను..." అంటూనే మీదికి దూకాడు!

ఢాం! ఆమె చేతుల్లో తుపాకీ పేలింది.