బొట్టు పెట్టిన వాల్వు

"హెలికాప్టర్ ఇంధన వాల్వులో ఏదో చేశారు, భరత్. కృష్ణప్రియ మెసేజ్ సగంలో ఆగిపోయింది," చెవిలో చీఫ్ సరోజ గొంతు. "క్షిపణి శాస్త్రవేత్త భార్గవి కాసేపట్లో అదే ఎక్కుతుంది. ఆపు."

కృష్ణప్రియ విదేశీ ముఠా పార్టీల్లో మెరుస్తూ, వాళ్ల గుట్టు మనకు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె మాట సగమైనా నమ్మాల్సిందే. కానీ కదిలేదెలా? ఫుడ్ డెలివరీ వేషంలో ఉన్న భరత్ కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడు. బ్యాగు జిప్పులో కెమెరా, బొత్తాంలో మైకు. దారి చేసే గాడ్జెట్ మాత్రం ఏ మహానుభావుడూ కనిపెట్టలేదు.

ఎలాగోలా హెలికాప్టర్ ఆగి ఉన్న హైటెక్ సిటీ టవర్ చేరితే, గార్డు ఓదెలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"డెలివరీవోల్లు సర్వీస్ లిఫ్ట్‌లనే పోవాలె. ఓటీపీ చెప్పు."

లాబీలో ముఠా మనుషులున్నారు, ఐడీ తీయలేడు. వేషం ఇంత బాగా కుదిరినందుకు తనను తానే తిట్టుకున్నాడు. సర్వీస్ లిఫ్టు ప్రతి అంతస్తులోనూ చెత్తబండి కోసం ఆగింది. పళ్లు నూరుకుంటూ డాబా మీదికి చేరాడు.

బంతిపూల దండతో హెలికాప్టర్ సిద్ధంగా ఉంది. నిన్న ఆయుధపూజ. ఐడీ చూపించి మెకానిక్ సాయిలుతో ఇంజన్ మూత తీయించాడు. వాల్వు మీద ఇంధనం వెళ్లే దిక్కు చూపే బాణం ఇంజన్ వైపు ఉండాలి. ట్యాంకు వైపు ఉంది.

"ఇదేంటి?"

"కొత్త వాల్వు సార్. పూజల బొట్టు పెట్టినం. బొట్టు ముంగటికి ఉండాలె గద, గందుకే గట్ల బిగించిన."

"బొట్టు చూసి బిగిస్తావా?"

"పొద్దుగాల ఇంజన్ నడిపి చూసిన సార్. మంచిగనే ఉండె."

భరత్ ఒళ్లు మండిపోయింది. "నోరు మూసుకుని తిప్పి బిగించు."

సాయిలు తిప్పి బిగించాడు. భార్గవి ఎక్కింది. రెక్కలు తిరిగాయి. అప్పుడే లిఫ్టులోంచి పట్టుచీరలో, చెప్పులు చేత్తో పట్టుకుని కృష్ణప్రియ పరుగెత్తుకొచ్చింది.

"వాల్వు ముట్టుకోలేదు కదా? బాణమే దొంగది. ముఠావాళ్లు తలకిందులుగా ముద్రించారు. దాని ప్రకారం బిగిస్తే గొట్టంలో మిగిలిన ఇంధనంతో పైకి లేస్తుంది, అది అయిపోగానే గాల్లోనే ఇంజన్ ఆగిపోతుంది."

భరత్ హెలికాప్టర్ వైపు ఉరికాడు. చక్రాలు నేల వదులుతున్నాయి. అరుపు ఎవరికీ వినపడదు. చేతిలో ఉన్నదొక్కటే. బిర్యానీ డబ్బా తీసి పైలట్ ముందున్న అద్దానికేసి కొట్టాడు. అద్దమంతా మసాలా. పైలట్ కంగారుగా దించి ఇంజన్ ఆపేశాడు.

భార్గవి దిగింది. కింద లాబీలోని ముఠా చీఫ్ పంపిన బృందానికి దొరికిపోయింది.

"రిపోర్టు చెప్పు," అంది చీఫ్.

భరత్ నీరసంగా కూలబడ్డాడు. "శత్రువు పన్నాగాన్ని సాయిలు తన పొరపాటుతో నిన్ననే భగ్నం చేశాడు మేడమ్. ఇవాళ నేనొచ్చి దాన్ని సరిదిద్దాను."