ఎడమ వెనక చక్రం

మా వ్యాను ఎడమవైపు వెనక చక్రం నా భార్యను చంపింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆ బండిని నాలుగేళ్లు షెడ్డు మూలన ఇటుకల మీద నిలబెట్టి, పైన పట్టా కప్పాను. కొంటామని ముగ్గురు వచ్చారు. అమ్మితే ఎవరో ఒకరు నడుపుతారు. అది మళ్లీ రోడ్డెక్కడం నాకిష్టం లేదు. అదే చెప్పి పంపాను. పిచ్చివాడన్నారు. అననీ.

నా పేరు జాన్ బాషా. మార్టూరు అవతల మా ఊరి మొదట్లో రిపేరు షెడ్డు ఉంది. వెల్డింగు నా పని. ఇంజను పని మా అమ్మాయి సిద్దికాది. ఒంగోలులో హాస్టల్లో ఉండి ఐటీఐ చదివింది. ఆడపిల్ల బండి కింద పడుకుని పని చేసే షెడ్డు ఆ చుట్టుపక్కల మాదొక్కటే. వాళ్లమ్మ ఖుర్షిదా పోలిక. ఖుర్షిదా మిరప కోతల రోజుల్లో ఆ వ్యానులో కూలీ ఆడవాళ్లను చేలకు తీసుకెళ్లేది. ఆవిడ చీటీ పాడి కొనుక్కున్న బండి అది.

ఇషాక్ నిరుడు ఫిబ్రవరిలో వచ్చాడు. కొత్తపట్నం కుర్రాడు. వాళ్లది చేపల పడవలకు ఐసు వేసే వ్యాపారం. ఎర్ర రంగు చిన్న కారు దిగి, దాన్ని డ్రిఫ్టింగ్‌కి తయారు చేయాలన్నాడు. అదేమిటని అడిగితే ఫోనులో చూపించాడు. ఒక కారు పొగలు కక్కుతూ పక్కవాటుగా పోతోంది. అది యాక్సిడెంటు కదా అన్నాను. కాదట, ఆట అట. హైదరాబాదు అవతల ఒక ట్రాకులో సెప్టెంబరులో కొత్తవాళ్లకు ఒక రోజు ఇస్తున్నారట. పెద్ద కార్లు కొనే తాహతు లేదు, ఉన్న బండినే ఎలాగైనా జారేటట్టు చేయండి మేస్త్రీ గారూ అని బతిమాలాడు.

అప్పుడు ట్రక్కు ఆటో కింద నుంచి సిద్దికా గొంతు వినిపించింది.

"మీ బండి జారదండి."

"ఎవరండీ అది?"

"ఎవరైతేనేం. మీది ముందు చక్రాలు లాగే బండి. వెనక చక్రాలు తోసే బండికే తోక జారుతుంది. మీ బండి తోక ఊరేగింపు వెనక పిల్లల్లాగా ఊరికే వెంట వస్తుంది."

వాడు వంగి ఆటో కిందికి చూశాడు. అది గోతాం మీద పడుకుని ఉంది. చెవి దాకా గ్రీజు. చేతిలో స్పానరు. వాడు అడగవలసింది మరిచిపోయాడు. ఆ చూపు నేను చూశాను. నాకు నచ్చలేదు.

తరువాతి వారం హారన్ మోగడం లేదని వచ్చాడు. మోగింది. ఆ పై వారం లైటు. అదీ వెలిగింది. హారన్‌కి ఏమీ కాలేదు, చెవులు చూపించుకోండి అని సిద్దికా వాడిని సాగనంపింది. నాలుగోసారి ఐసులో పెట్టి పండుగప్ప తెచ్చాడు. చేప మంచిదే. తిన్నాను. అంతమాత్రాన అభిప్రాయం మార్చుకోలేదు.

సిద్దికా ఎప్పుడూ కిరోసిన్‌తో చేతులు కడుక్కునేది. ఆ నెల నుంచి దాని మీద సబ్బుతో కూడా కడిగింది. ఆదివారాలు రెండుసార్లు. ఆదివారమే వాడు వచ్చేది.

ఏప్రిల్లో వాడు కారు అమ్మేసి వచ్చాడు. వెనక చక్రాలు తోసే పాత బండి ఎక్కడైనా ఉంటే చెప్పమన్నాడు. చెబుతూ మూలన ఉన్న పట్టా వైపు చూశాడు. సిద్దికా కూడా అటే చూసింది.

అన్నం తినేటప్పుడు అది ఆ మాట ఎత్తింది. వ్యానుకూ వెనక చక్రాలే తోస్తాయి, తేలికగా ఉంటుంది, కుదురైన ఇంజను, ఊరికే తుప్పు పడుతోంది అంది. తనకూ ఒకసారి ట్రాకు మీద తోలాలని ఉందంది. కుదరదన్నాను.

"అది అమ్మ బండి నాన్నా. నువ్వు కొన్నది కాదు."

"అయితే మీ అమ్మనే అడుగు."

అది కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ మాట అనకూడదు. అన్నాను.

జూన్ మొదట్లో వెల్డింగు రాడ్ల కోసం గుంటూరు వెళ్లాను. మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి మూలన ఇటుకలే ఉన్నాయి. పట్టా శుభ్రంగా మడతపెట్టి, పక్కన పాత బ్యాటరీ తీసిపెట్టి ఉంది. టైరు గుర్తులు మా ఊరి రైతు యలమందయ్య కల్లం వైపు పోయాయి. మిరపకాయలు ఎండబోసుకునే చదును నేల అది. పంట యార్డుకు పోయాక వేసవంతా ఖాళీగా ఉంటుంది.

కల్లం గట్టున యలమందయ్య నిలబడి చూస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏరా బాషా, మీ అమ్మాయీ, ఆ కుర్రాడూ బండి తోలుతున్నారా, నా కల్లం దున్నుతున్నారా?"

నేను పొగాకు కాల్చే బేరన్ నీడలో ఆగిపోయాను. పోయి చెవి పట్టుకుని దింపాలనే వెళ్లాను. ఆగాను. ఎందుకో తెలియదు. నాలుగేళ్ల తరువాత ఆ ఇంజను చప్పుడు విన్నాను, అందుకేమో.

ఇషాక్ సముద్రం ఒడ్డున పుట్టినవాడు. కల్లంలో కాయలు ఎత్తేసినా కారం నేలలోనే ఉంటుందని వాడికేం తెలుసు. పొడి నేల మీద చక్రాలు గిర్రున తిప్పాడు. ఎర్రటి దుమ్ము లేచింది. ఇద్దరూ దగ్గుకుంటూ చెరోవైపు దూకారు. వాడికి కళ్లు కనిపించడం లేదు. సిద్దికా వాడి గడ్డం పట్టుకుని పైకెత్తి, సీసాలో నీళ్లు కళ్లలో పోసింది. తన కళ్లూ కారుతున్నాయి. నీళ్లు అయిపోయాక కూడా గడ్డం వదలలేదు. వాడు కదలలేదు. గట్టున యలమందయ్య గొంతు సవరించుకుంటే అప్పుడు విడిపోయారు.

తరువాత ట్యాంకరు నీళ్లు తెచ్చి నేల తడిపారు. తడి నేల మీద నిదానంగా పోయినా బండి జారుతుంది, టైర్లూ అరగవు. ఆ తెలివి సిద్దికాదే. ఇషాక్ తోలాడు. స్టీరింగు ఉడుంపట్టు పట్టి, తోక జారిన ప్రతిసారీ బండిని బొంగరంలా తిప్పేశాడు.

"వదిలేయండి" అంది పక్క సీట్లోంచి.

"ఏం వదలమంటారు?"

"స్టీరింగే. ఇంకేం పట్టుకున్నారు? తోక జారగానే చేతులు వదులు చేయండి. ముందు చక్రాలు ఎటు పోవాలో అటే తిరుగుతాయి. అప్పుడు మళ్లీ పట్టుకోండి."

వాడికి రాలేదు. సీటు మారి తను తోలింది. రెండో చుట్టుకే తోక మెత్తగా పక్కకు జారింది. వాళ్లమ్మ కూడా భుజాలు అలా వదిలేసి తోలేది. ఇషాక్ పోటీ సంగతి మరిచిపోయి, కిటికీలోంచి తల బయటపెట్టి దాన్నే చూస్తున్నాడు.

మూడో చుట్టులో బండి కల్లం అంచుకు పోయింది. అక్కడ ట్యాంకరు కారి రేగడి బురదైంది. ఎడమ వెనక చక్రం అందులోకి దిగింది. సిద్దికా యాక్సిలరేటరు తొక్కింది. ఎడమ చక్రం గిరగిరా తిరిగింది. గట్టి నేల మీదున్న కుడి చక్రం కదల్లేదు.

ఆ చప్పుడు నాకు తెలుసు. నడిచి వెళ్లాను.

"దిగు" అన్నాను.

అది దిగింది. తప్పు తనదన్నాడు ఇషాక్. నేను వాడి వైపు చూడలేదు.

"నువ్వు ఒంగోలులో ఉన్నప్పుడు మీ అమ్మ గుంటూరు దారిలో పోయిందని చెప్పాను కదా."

"చెప్పావు."

"గుంటూరు దారిలో కాదు. మన ఊరి రోడ్డు మీదే. గుండె నొప్పంటే వెనక సీట్లో పడుకోబెట్టాను. వాన పడుతోంది. పత్తి లారీకి దారిచ్చాను. ఈ చక్రం మార్జిన్లోకి దిగింది. ఇలాగే తిరిగింది. నలభై నిమిషాలు తొక్కాను. ట్రాక్టరు వచ్చి లాగేసరికి ఆవిడ లేదు."

వెనక ఇరుసు మధ్యన డిఫరెన్షియల్ అని ఒక గుండు ఉంటుంది. మలుపుల్లో రెండు చక్రాలూ వేరు వేరు వేగాల్లో తిరగడానికి అందులో చిన్న పళ్లచక్రాలు పెడతారు. ఒక చక్రం బురదలో ఉంటే తిరుగుడంతా దానికే పోతుంది. నేల మీదున్నది నిలబడిపోతుంది. లోపలి పళ్లచక్రాలను కలిపి వెల్డు చేస్తే రెండూ ఒకటిగా తిరుగుతాయి. సగం రోజు పని. బురద చేలల్లో తిరిగే జీపులకు రెండింటికి నా చేత్తో చేసిపెట్టాను. నా బండికి చేయలేదు. అదీ దానికి చెప్పాను.

సిద్దికా వంగి ఆ చక్రం మీద చెయ్యి వేసింది.

"దీన్ని నాలుగేళ్లు ఇటుకల మీద పెట్టావు నాన్నా. నువ్వూ దాంతోపాటే ఉన్నావు" అంది.

ఇషాక్ ఓదార్చలేదు. అయ్యో అనలేదు. చెప్పులు విడిచి బురదలో దిగాడు. యలమందయ్య దగ్గర రెండు గోతాలు తెచ్చి చక్రం కింద కుక్కాడు. చాలకపోతే చొక్కా విప్పి వేశాడు. కొత్త చొక్కా. భుజం పెట్టి తోశాడు. వాడు నోరు మూసుకుని తోశాడు కాబట్టే ఆ రోజు వాడిని మనిషిగా లెక్కేశాను.

మర్నాడు పొద్దున నేనే డిఫరెన్షియల్ విప్పాను. ఇషాక్ పళ్లచక్రాలను డీజిల్‌తో కడిగాడు, సిద్దికా పట్టుకుంది, నేను వెల్డు చేశాను. ఇక మామూలు మలుపుల్లో టైర్లు అరుస్తాయి, త్వరగా అరుగుతాయి, మళ్లీ విడదీయడం కుదరదు. తెలిసే చేశాను. మిగతాది వాళ్లు చూసుకున్నారు. వెనక సీట్లు పీకేసి ఒక్కటి ఉంచారు. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి వేసి గాలి ఎక్కువ పెట్టారు. హ్యాండ్ బ్రేకు తీగ బిగించారు. అంతకంటే ఖర్చు పెట్టనివ్వలేదు. నేర్చుకునేవాళ్లకు అది చాలు.

జూలైలో మంచి వాన పడిన రోజు, ఇద్దరినీ బండెక్కమన్నాను. సిద్దికాను వెనక సీట్లో కూర్చోమన్నాను. ఎందుకని అడగలేదు.

మా ఊరి రోడ్డు మీద ఆ చోటు దగ్గర బండి నిదానం చేసి, ఎడమ చక్రాన్ని కావాలని మార్జిన్లోకి దింపాను. నల్ల బురద. చక్రం సగం దాకా మునిగింది. యాక్సిలరేటరు తొక్కాను. ఎడమది తిరిగింది. దాంతోపాటే కుడిదీ తిరిగింది. తారు మీద టైరు కీచుమంది. బండి ఒకసారి ఊగి రోడ్డెక్కింది.

ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. ఇషాక్ చూశాడట. నాలుగు సెకన్లు.

బండి పక్కకు ఆపాను. కాసేపటికి వెనక నుంచి సిద్దికా చెయ్యి నా భుజం మీద పడింది. దాని చేతికి సబ్బు వాసన.

అద్దం మీద వాన కొడుతోంది. ఇషాక్ రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి "మామా" అన్నాడు.

"ఎవర్రా నీకు మామ?"

"మీరు ఒప్పుకుంటే మీరేనండి."

"నన్నెవరూ అడగలేదు" అంది వెనక నుంచి.

వాడు వెనక్కి తిరిగాడు. "హారన్ బాగుచేయమన్న రోజే అడిగాను."

"అది హారన్ గురించి."

"హారన్ బాగానే ఉందని మీరే చెప్పారుగా."

అది నవ్వింది. ఆ బండిలో నవ్వు విని నాలుగేళ్లు దాటింది. నేను వైపర్లు వేసుకున్నాను.

"మీ అమ్మనీ నాన్ననీ రమ్మను. చేపలు తేవద్దని చెప్పు" అన్నాను.

తెచ్చారు.

సెప్టెంబరులో ఆ ట్రాకు మీద సిద్దికా మూడు మలుపులు జారించింది, రెండుసార్లు గిర్రున తిరిగింది. బహుమతి రాలేదు. పాత వ్యాను చూసి నవ్వినవాళ్లే తరువాత వచ్చి వెల్డు ఎవరు చేశారని అడిగారట. ఇషాక్ రోజంతా దానికి టైర్లు మోశాడు, తన వంతు కూడా దానికే ఇచ్చేశాడు. నవంబరులో నిఖా అయింది. ఇప్పుడు వాడూ మా షెడ్డులోనే పని చేస్తున్నాడు. వెల్డింగు చేయి బాగాలేదు. నేర్చుకుంటాడు.

ఆ చక్రం నా భార్యను చంపిందని మొదట్లో చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను. దాన్ని క్షమించలేదు. ఆ సగం రోజు పని చేయనివాణ్ణీ క్షమించలేదు. వెల్డు మాత్రం గట్టిగా పడింది. పిల్లలిద్దరూ చెప్పమన్నారని ఒక్కసారి చెప్పాను. ఇక ఎవరడిగినా ఈ సంగతి మాట్లాడను.