స్కానర్ దాచుకున్నది

"నీ లైనక్స్‌ని తీస్కపోయి మూసీల పారెయ్" అంది స్రవంతి, బాలరాజ్ ఇంకా గుమ్మం దాటకముందే.

హుస్సేనీ ఆలంలోని ఆ చిన్న లైబ్రరీకి ఆమే లైబ్రేరియన్. మూలపడ్డ కంప్యూటర్‌కు లైనక్స్ ఎక్కించి ప్రాణం పోసినవాడు బాలరాజ్. పొద్దున ఇంటి డెయిరీలో పాలు పోస్తాడు, మధ్యాహ్నం కంప్యూటర్లు బాగుచేస్తాడు.

"ఏమైంది మేడం?"

"పదకొండు రోజులు అల్మారీ అల్మారీ తిరిగి బార్‌కోడ్‌లు కొట్టిన. అన్నీ ఈ స్కానర్‌లనే ఉన్నయి. వైరు పెడితే పెన్‌డ్రైవ్ లెక్క తెరుచుకోవాలె గద. ఏం కనబడ్తలేదు."

ఎదురు కుర్చీలో ఉన్న బాబురావు వాచీ చూసుకున్నాడు. ఆమెకు పెద్దబాపు, నాన్నకు అన్న. లైబ్రరీ కమిటీకి ఆయనే పెద్ద. సగం పుస్తకాలు పోయాయని ఆయన నమ్మకం. ఐదింటిలోగా లెక్క చూపకపోతే ఇక్కడ లైబ్రరీ ఉండదు, గోదాము ఉంటుంది.

"నాలుగున్నర అయింది బిడ్డా. లొల్లి వద్దు, ఇంటికి నడువు."

"ఐదు కొట్టేదాకా ఈ కుర్చీ నాది, పెద్దబాపు."

బాలరాజ్ నవ్వు ఆపుకున్నాడు. "కంప్యూటర్‌కు ఇది పెన్‌డ్రైవ్ కాదు మేడం, కీబోర్డ్. లోపల దాచుకుంటది. అడిగితేనే చెప్తది. డబ్బాల ఒక కాగితం వచ్చె గద, ఏడుంది?"

కిటికీ రెక్క కొట్టుకోకుండా స్రవంతి సందులో మడిచి పెట్టింది ఆ కాగితాన్నే. నాలుగు రోజుల వానకు నానింది కానీ గీతలు చెదరలేదు. ఆ మాత్రం దయ చాలు.

అతను ఖాళీ ఫైల్ తెరిచాడు. కాగితం మీద రెండు బార్‌కోడ్‌లు దాదాపు ఆనుకుని ఉన్నాయి. ఒకటి దాచిందంతా కంప్యూటర్‌కు పంపేది, రెండోది తుడిచేసేది.

"రెండోదాన్ని చేత్తో మూయండి. అది చదివిందంటే మీ పదకొండు రోజులు గాయబ్."

ఆమె అరచెయ్యి ఆనించింది. "ఇంత దగ్గరికి రావాల్నా?"

"వైరు పొట్టిది మేడం."

ఎర్రటి గీత ఆమె గోటి అంచు దాకా వచ్చి ఆగింది. బీప్. రేకుల మీద వాన పడ్డట్టు తెర నిండా నంబర్లు.

"రెండు వేల మూడు వందల పద్దెనిమిది పుస్తకాలు. రిజిస్టర్ కంటే తొమ్మిదే తక్కువ" అన్నాడు బాలరాజ్. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక నంబర్ మాత్రం పదకొండుసార్లు పడ్డది. మన పుస్తకం కాదది."

"చూసినవా, తప్పుడు లెక్క" అన్నాడు బాబురావు.

"తప్పు కాదు. అది బిస్కెట్ ప్యాకెట్" అంది స్రవంతి. "రోజూ చాయ్ టైంకు బాలరాజ్ తెచ్చిండు. రోజూ కొట్టిన."

"బిస్కెట్లు లైబ్రరీ లెక్కలెందుకు? తీసెయ్."

"కమిటీకి పుస్తకాల లెక్క వేరే ఇస్త. ఇది తియ్య, పెద్దబాపు. ఎవరు చెప్పినా తియ్య."

బాబురావు ఆమెను చూశాడు, అతన్ని చూశాడు. జేబులోంచి లైబ్రరీ తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఆ తొమ్మిది ఏడున్నయో దేవులాడు. ఈ పిలగాన్ని ఆదివారం ఇంటికి రమ్మను. మేం గూడ చాయ్ తాగుతం."

ఆయన గొడుగు విప్పుకుని వెళ్ళాక, బాలరాజ్ సంచిలోంచి పన్నెండో ప్యాకెట్ తీశాడు. స్రవంతి దాని మీద స్కానర్ నొక్కింది. బీప్.

"తెర మీద ఏం రాలేదే" అన్నాడు.

"రాదు. లోపల దాచుకుంటది."

"అయితే అడుగుతున్న, స్రవంతీ" అన్నాడు బాలరాజ్, ఈసారి మేడం అనకుండా.