అందరికీ మంచోడు

"నా మూతికేమన్న అంటుకున్నదా?"

నవనీత దినేశ్‌తో మాట్లాడిన మొట్టమొదటి మాట అది. కోరుట్లలో జలపతి ఫొటోస్టూడియో డాబా మీద, రెండువేల ఐదు ఆషాఢంలో, చినుకు పడాలా వద్దా అని ఆలోచిస్తున్న ఒక మధ్యాహ్నం పూట.

"లేదు, ఏం అంటుకోలే" అన్నాడు దినేశ్. అని మళ్లీ ఆమె పెదవుల వంకే చూశాడు.

"మరి గట్ల సూస్తవేంది?"

"అంటే... మా సిరిసిల్లల..."

"సైలెన్స్! కెమెరా తిరుగుతున్నది!" అని జలపతి అరిచాడు. దాంతో ఆ జవాబు దినేశ్ గొంతులోనే ఆగిపోయింది. ఆగిపోకుండా ఉంటే ఈ కథే లేదు.

జలపతి పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి కెమెరాకు పనుండదు. ఊరికే ఉండలేక, ఊరి కేబుల్ టీవీ కోసం ఒక కామెడీ సీరియల్ మొదలుపెట్టాడు. పేరు 'పక్క పోర్షన్'. అందులో చిట్టి అనే అమ్మాయి ఉంటుంది. పక్క పోర్షన్‌లో అద్దెకున్న బాలరాజు బిందె మోసిపెడితే ప్రేమనుకుంటుంది, బల్బు మారిస్తే ప్రేమనుకుంటుంది. వాడేమో అందరికీ అలాగే చేస్తుంటాడు. గల్లీ అంతా నవ్వుతుంది. చిట్టి నవనీత, బాలరాజు దినేశ్, చిట్టి నాయనమ్మగా స్టూడియో గల్లీలోనే బీడీలు చుట్టే నర్సవ్వ.

నవ్వులు ఊరికే పుట్టలేదు. దినేశ్ పద్నాలుగేళ్ల వయసు నుంచి సిరిసిల్లలో సాంచెలు నడిపినవాడు. అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. గిరాకీ పడిపోయి షెడ్డుకు తాళం పడింది. కోరుట్ల ఏజెంటుకు పాస్‌పోర్ట్ ఇచ్చి, మస్కట్ వీసా వచ్చేదాకా జలపతి దగ్గర లైట్లు పట్టుకునే పనికి కుదిరి, వేషం కూడా వేశాడు. నవనీత నాయన భూమన్న తాటిచెట్లెక్కి కల్లు గీయడం మానేసి గల్ఫ్ ఎడారికి పోయి ఆరేళ్లు. తల్లి కొమురమ్మతో కలిసి ఆమె బీడీలు చుట్టేది. ఆ రోజుల్లో కోరుట్లలో గల్ఫ్‌కు పోయినవాళ్లో, పోబోయేవాళ్లో లేని ఇల్లు లేదు. ఆదివారం అరగంట సేపు ఆ ఊరు కడుపు పట్టుకుని నవ్వేది.

నవనీత మాత్రం నవ్వడం మానేసి లెక్కలు కట్టుకోవడం మొదలుపెట్టింది.

వాన పడితే దినేశ్ గొడుగు ఆమెకు పట్టి తను తడిసేవాడు. అడగకముందే చాయ్ తెచ్చేవాడు. జ్వరమొస్తే గోలీలు కొని కొమురమ్మ చేతిలో పెట్టి పోయాడు. ఇక ఆ చూపు! ఆమె నోరు విప్పితే చాలు, పెదవుల మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు.

ఒకరోజు ధైర్యం చేసి లిప్‌స్టిక్ వేసుకొచ్చింది.

దినేశ్ తేరిపార చూసి, "మంచిగున్నది. గీ రంగు ఏస్కుంటె నీ మాట సాఫ్‌గ తెలుస్తున్నది" అన్నాడు.

అంత వింత పొగడ్త ఆమె ఎన్నడూ వినలేదు. ప్రేమలో పడ్డవాళ్లు ఇలాగే తిక్కతిక్కగా మాట్లాడతారు కాబోలనుకుని, మురిసిపోతూ ఇంటికి పోయింది.

వీసా వచ్చింది. ఆఖరి ఎపిసోడ్ షూటింగ్ రోజున, డాబా మెట్ల మీద దినేశ్‌ను ఆపింది.

"నన్ను ఇడిచిపెట్టి ఎట్ల పోతవ్ దినేశ్?"

"నిన్నా?" అతను ఇటూ అటూ చూశాడు. "నవనీతా... నువ్వు ఏమనుకుంటున్నవ్?"

"ఇంక దాచుడెందుకు? నెలన్నర సంది కండ్లార్పకుంట సూస్తున్నవ్ గదా!"

దినేశ్ ముఖం పాలిపోయింది. మెల్లగా చెప్పాడు. "సాంచెల చప్పుడుల మాట ఇనవడది. మూతి కదులుడు సూసి మాట పట్టుకోవాలె. పన్నెండేండ్ల అలవాటు. పెదవులు సూడకుంటె నాకు మాట సగమే ఎక్కుతది. అంతే. నీ మనసు నొప్పిచ్చిన్నా?"

"మరి గొడుగు? చాయ్?"

అతను జవాబు చెప్పేలోపే నర్సవ్వ మెట్లెక్కుతూ, "జెర చెయ్యందియ్యి కొడుకా" అంది. దినేశ్ పరుగున పోయి చెయ్యందించాడు, చినుకులు పడుతుంటే మీద గొడుగు పట్టాడు. ఆమె మోకాళ్ల నొప్పుల గురించి చెబుతుంటే, పళ్లూడిన ఆ నోటి వంక కళ్లార్పకుండా చూస్తూ విన్నాడు. అచ్చం అదే చూపు.

నవనీతకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఊరిని నవ్వించడానికి చిట్టి వేషం వేసి, చివరికి తనే చిట్టి అయి కూర్చుంది.

ఆఖరి షాట్‌లో బాలరాజుది ప్రేమ కాదని తెలిసి చిట్టి పకపకా నవ్వాలి. ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "యాక్టింగ్ అంటే గిది!" అని జలపతి ఎగిరి గంతేశాడు. ఆ ఎపిసోడ్ చూసి కోరుట్ల ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. దినేశ్ మాత్రం లైటు పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

మూడో రోజు మస్కట్ పోయాడు.

శుక్రవారం అక్కడ సెలవు. స్టూడియోకు ఫోన్ చేసేవాడు. అప్పటికి నవనీత బీడీలు మానేసి, జలపతి దగ్గర వీడియో మిక్సింగ్ నేర్చుకుంటోంది. ఫోన్ ఆమే ఎత్తేది. మొదట్లో నర్సవ్వ మోకాళ్లెట్లున్నయి, జలపతన్న కెమెరా ఎట్లున్నదని అడిగి, చివర్లో "నువ్వు మంచిగున్నవా?" అనేవాడు. ఏడాది తిరిగేసరికి ముందు అదే అడిగేవాడు. రెండేళ్లకు మిగతావాళ్ల ఊసే మరిచిపోసాగాడు. ఆమె జగిత్యాల కొత్త బస్టాండు దగ్గర సొంతంగా మిక్సింగ్ షాపు పెట్టుకుంటే, నంబరు కనుక్కుని అక్కడికీ చేశాడు.

"ఇయ్యాల నీ గొంతు బరువుగున్నదేంది? తిన్నవా?"

"అందరినీ గిట్లనే అడుగుతవ్ గదా" అని ఆమె నవ్వేసేది. ఒకసారి బోల్తా పడ్డది చాలనుకుంది. అతను "మళ్ల శుక్రవారం చేస్త" అని పెట్టేసేవాడు. దాన్ని కూడా ఆమె మంచితనం ఖాతాలోనే వేసింది. ఇంట్లో కొమురమ్మ మాత్రం సంబంధాలు చూస్తూనే ఉంది, బిడ్డ వద్దంటూనే ఉంది.

రెండువేల తొమ్మిదిలో అతని కంపెనీ మూతపడింది. శ్రావణంలో ఒక పగటిపూట, పెళ్లి క్యాసెట్ మిక్సింగ్‌లో తల మునకలై ఉన్న నవనీత ముందు నిలబడ్డాడు. ఎండకు నల్లబడ్డాడు, చేతిలో ఒకే ఒక్క బ్యాగు.

"ఎప్పుడచ్చినవ్?"

"పొద్దుగాల హైదరాబాద్‌ల దిగిన. బస్సెక్కి సీదా గిటే అచ్చిన."

"ఇంటికి పోలేదా?"

"లే."

"గీ బస్సు సిరిసిల్ల మీదికెల్లే అస్తది గదా?"

"సిరిసిల్లల పది నిమిషాలు ఆగింది. బ్యాగు పట్టుకుని లేచిన. మళ్ల కూసున్న" అన్నాడు దినేశ్, నేల చూపులు చూస్తూ. "ఇంటికి పోతె సుట్టాలు, పక్కోళ్లు... వారం దాకా కదలనియ్యరు. నాలుగేండ్లు ఆగిన గని, ఇంక వారం ఆగబుద్ధి కాలె."

"మీ అమ్మ ఎదురుచూస్తుంటది గదా!"

"చూస్తనే ఉంటది. పాపం."

నవనీత చేతిలోని హెడ్‌ఫోన్లు టేబుల్ మీద పెట్టింది. ఎవరడిగినా గొడుగిచ్చి తను తడిసే మనిషి. ఎవరినీ నొప్పించలేని మనిషి. అలాంటివాడు నాలుగేళ్లుగా చూడని కన్నతల్లిని వాకిట్లో నిలబెట్టి, ఇల్లు దాటి తన దగ్గరికి వచ్చాడు. ఇది మంచితనం ఎలా అవుతుంది? ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"నోటితోని చెప్పు దినేశ్. నా అంతట నేను ఏం అనుకోను. ఒకసారి అనుకుని ఆగమైన."

"నువ్వంటె నాకు ఇష్టం. లగ్గం చేసుకుందాం." చెప్పేసి బ్యాగు కింద పెట్టాడు. "ఆ రోజు నిజంగనే తెల్వదు నవనీతా. నువ్వు ఏడుస్తుంటె లైటు పట్టుకున్న చెయ్యి అదిరింది. ఎందుకదిరిందో మస్కట్ పోయినంక గని సమజ్ కాలె."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఫోన్ అతని ముందుకు తోసింది.

"ముందుగల మీ అమ్మకు చెయ్."

తల్లి సుమిత్ర ఒక్క రింగుకే ఎత్తింది. "యాడున్నవ్ కొడుకా? బస్సు దిగలేదా?"

"జగిత్యాలల ఉన్ననే అమ్మా."

"ఇల్లు దాటి జగిత్యాలకు పోయినవా! ఎవలింటికి?"

దినేశ్ నీళ్లు నమిలాడు. నవనీత ఫోన్ అందుకుంది. "అత్తా, నేను... నవనీతను. కోరుట్ల."

నవనీత ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"అయితె నా కొడుకుకు ఇల్లు మరిపిచ్చిన పోరివి నువ్వేనా?" అంది సుమిత్ర. గొంతులో ఉడుకుమోతుతనం, దాని వెనకే నవ్వు. "నాలుగేండ్ల సంది వాని ఫోన్ల నీ ముచ్చటే ఇంటున్న. ఆడు పెండ్లి గురించి అడుగుడు చాతగాని మొద్దు. కులం ముచ్చట, లగ్గం ముచ్చట మీ అమ్మతోని నేను కూసుని మాట్లాడుత. ఇప్పుడైతె అన్నం వండి పెట్టిన, సల్లారుతున్నది. వాన్ని తోల్కరా బిడ్డా. ఈసారి సిరిసిల్లల దించుడు నీ పని."

"సరే అత్తమ్మా" అంది నవనీత. షాపు షట్టర్ సగం దించి, అతని బ్యాగు తనే భుజానికి తగిలించుకుంది.