బలపం పట్టేంత ఖాళీ

మార్కాపురంలో శివనాగరాజుకు మొదట పరిచయమైన మనిషి సుమతి. ఆమె మీద అతనికి మొదట కలిగింది అనుమానం.

సర్వేయరు ఉద్యోగంలో అప్పుడే చేరాడు. తర్లుపాడు వైపు ఒక పల్లె సచివాలయంలో పోస్టింగు. మార్కాపురంలో గది తీసుకుని, గిద్దలూరు నుంచి రైల్లో వేసుకొచ్చిన సైకిల్ మీద రోజూ డ్యూటీకి పోవాలని అతని ఏర్పాటు. అది మామూలు సైకిల్ కాదు. కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు పందేలకు తొక్కిన పాత స్టీలు రోడ్ బైకు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, వేలంత సన్నని టైర్లు. అడివిలో తేనె, బంక ఏరుకుని బతికిన ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. ఆ చదువు రోజుల నుంచి అతనికంటూ మిగిలిన వస్తువు ఆ సైకిలొక్కటే.

మొదటి రోజే, ఊరి చివర స్పీడ్ బ్రేకర్ దాటాడో లేదో, వెనక చక్రం బుస్సుమంది. తలెత్తి చూస్తే ఎదురుగా బోర్డు: నరసింహులు సైకిల్ షాపు, ఇచ్చట పంక్చర్లు వేయబడును. బోర్డు కింద ఒక అమ్మాయి, జడ ముడేసుకుని, అతన్నే చూస్తోంది.

"రండి సార్," అంది. "ఇక్కడే అవుతాదని అనుకుంటానే ఉన్నా."

ఆ మాట అతని మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. పంక్చర్ ఎక్కడవుతుందో ముందే తెలిసిన పంక్చర్ షాపు ఇది.

సుమతి టైరు ఊడదీసి లోపల వేలు తిప్పింది. గోరంత నల్లటి పలకరాయి పెచ్చు బయటికొచ్చింది, బ్లేడులా పదునుగా. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలొచ్చిన చోట బలపంతో సున్నా చుట్టింది. వాళ్ల నాయన నరసింహులు లోపల కూర్చుని రిమ్ము సొట్టలు తీస్తున్నాడు. "అన్నా, కొంచెం తొందరగా కానీ. డ్యూటీకి టైమవుతుంది," అన్నాడు శివనాగరాజు. నరసింహులు కూతురి వైపు చూపించి, పని ఆమెది, అడిగేదేదో ఆమెనే అడగమన్నట్టు తల ఊపాడు.

"ఈ రోడ్డుకు ఈ టైరు పనికిరాదు సార్," అంది సుమతి అతుకు వేస్తూ. "సన్న టైరుకు గాలి రాయిలాగ కొట్టాల. పెచ్చు మీదికి పోతే అది వంగదు, పెచ్చే లోపలికి దిగుతాది. వెడల్పు టైరైతే గాలి కొంచెం మెత్తగా పెట్టుకోవచ్చు. పెచ్చు మీద కూచొని లేచిపోతాది."

"ఆ వెడల్పు టైరు మీ దగ్గరే దొరుకుతుంది కదా?"

"తెప్పిస్తాం సార్."

"అనుకున్నా," అన్నాడు అతను.

ఆమెకు అర్థమైంది. అతుకు మీద సుత్తితో కొట్టాల్సినదానికంటే గట్టిగానే కొట్టింది.

ఆ వారంలోనే మళ్లీ పంక్చరైంది. తర్వాత మళ్లీ. ప్రతిసారీ అదే స్పీడ్ బ్రేకర్ దగ్గర, ఆ షాపు ముందే. పొలాల గట్లు కొలిచేవాడికి అనుమానం ఉద్యోగంలో భాగం. ప్రతి రైతూ పక్కవాడు రాయి జరిపాడనే చెబుతాడు, ఎవరు జరిపారో తేల్చాల్సింది సర్వేయరే. కాబట్టి శివనాగరాజు ఆ చోట రోడ్డు మీద గొంతుకూర్చుని, పడి ఉన్న పలక పెచ్చులు ఏరి, కర్చీఫులో చుట్టి జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. జరిగిందంతా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి మెసేజి కూడా రాసుకున్నాడు. అది ఒక్కటి పంపిస్తే చాలు, ఆ షాపు గడప ఇంకెవరూ తొక్కరు.

షాపులో కూర్చున్న నరసింహులు ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. "పాపా, ఆ సారు రోడ్డు కొలుస్తన్నాడా, మనల్ని కొలుస్తన్నాడా?" అని ఒకసారి వినపడేట్టుగానే అడిగాడు. సుమతి తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వు ఎందుకో శివనాగరాజుకు అంతుపట్టలేదు. దాన్నీ అనుమానాల్లోనే కలిపేసుకున్నాడు.

అయినా మెసేజి పంపలేదు. ఇంకొక్క సాక్ష్యం దొరకనీ అనుకునేవాడు. ఈలోగా అతుకు ఆరేదాకా బెంచీ మీద కూర్చోవాలి కదా, మాటలు కలిసేవి. ఆమె లెక్కల్లో డిగ్రీ చేసిందట. వాళ్లింట్లోనూ డిగ్రీ చదివింది మొదట ఆమేనట. ఉద్యోగాల పరీక్షలు రాస్తూ షాపు చూసుకుంటోంది. అతని ట్యూబు ఎత్తి పట్టుకుని, "ఇందులో మీ ట్యూబు ఎంతుందో, మా అతుకులెన్నున్నాయో తేల్చాలంటే సర్వే చేయాల సార్," అనేది. ఒక్కోసారి, పంక్చర్ కాకుండా షాపు దాటిపోయిన రోజున, శివనాగరాజుకు ఏదో పోగొట్టుకున్నట్టుండేది. అప్పుడతనికి తన మీదే అనుమానం వచ్చింది.

ఈ షాపుతో సంబంధం తెంచుకుందామని ఒక పని చేశాడు. వెడల్పు టైరే కావాలి గానీ ఈ పిల్ల దగ్గర కొనకూడదు. ఆన్‌లైన్‌లో అన్నిటికంటే వెడల్పుది చూసి తెప్పించాడు. బుడిపెలు బుడిపెలుగా ట్రాక్టరు టైరుకు చెల్లెల్లా ఉంది. గదిలో చెమటలు కక్కుతూ రిమ్ముకైతే ఎక్కించాడు. చక్రం మాత్రం ఫ్రేములోకి పోలేదు. బలవంతంగా తోస్తే బ్రేకు కింద ఇరుక్కుని, ఇక అటూ ఇటూ తిరగనంది. చేసేదేమీ లేక సైకిల్ భుజాన వేసుకుని బయలుదేరాడు. ఎన్నాళ్లుగానో రాని వాన, సరిగ్గా అతను దారి మధ్యలో ఉండగా మొదలైంది.

తడిసి ముద్దై వచ్చిన మనిషినీ, ఇరుక్కుపోయిన చక్రాన్నీ చూసి సుమతి చున్నీ అంచు పళ్ల మధ్య పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"కాలు సైజు చూడకుండా బూట్లు కొన్నారు సార్. రోడ్డు ఎంత అడిగినా, ఫ్రేము ఎంత ఇస్తాదో చూడాల గదా. పాత రోడ్ బైకు ఇది, చోటు తక్కువ. ఈ బుడిపెలు డాంబరు మీద ఊరికే ఈడుస్తాయి గూడా."

వాన వెలిసేదాకా ఇద్దరూ ఆ చోటే చూశారు. షాపులో ఉన్న వేర్వేరు సైజుల టైర్లు ఒక్కొక్కటే ఎక్కించి, ఫోర్కులో పెట్టి తిప్పారు. టైరుకూ ఫ్రేముకూ మధ్య వేలు దూరితే చాలంది సుమతి. ఎవరి వేలు అని అడిగాడు సర్వేయరు. ఆమె చేతిలోని బలపం తనే అందుకుని, టైరుకూ బ్రేకుకూ మధ్య సందులో పెట్టి, చక్రం మెల్లగా తిప్పాడు. బలపం విరగకుండా, రాసుకోకుండా చక్రం ఒక చుట్టు తిరగాలి. ఇంత ఖాళీ ఉంటే బురద పట్టినా, రిమ్ము కాస్త సొట్టపోయినా సైకిల్ ఆగదు. సుమతి బలపం వైపు చూసి, అతని వైపు చూసి, ఇదేదో బాగానే ఉందని ఒప్పుకుంది.

ముందు చక్రం ఫోర్కులో ముప్పై రెండు మిల్లీమీటర్ల టైరు పట్టింది. వెనక మాత్రం గొట్టాలు దగ్గరగా ఉండి, ఇరవై ఎనిమిది దాటితే బలపం నలుగుతోంది. చక్రానికి అటువైపు ఆమె, ఇటువైపు అతను. చువ్వలు తిరుగుతుంటే మధ్యలో ఆమె ముఖం కనపడీ కనపడనట్టుగా ఉంది. చక్రం ఆగింది. చూపులు ఆగలేదు.

"రెండూ ఒకటిగా లేకపోతే ఎట్ల?" అన్నాడు అతను.

"జతంటే రెండూ ఒకే కొలతుండాలని ఏముంది సార్? దేని చోట అది పడితే చాలు."

పైన నున్నగా, లోపల పెచ్చులు దిగని గట్టి పట్టీ ఉన్న టైర్లు ఒంగోలు నుంచి తెప్పిస్తానంది. అవి వచ్చేదాకా పాత టైర్లతోనే చూసి తొక్కమంది. ఆ సాయంత్రం శివనాగరాజు ఫోనులో మెసేజి తీసేయబోయాడు. వేలు డిలీట్ దాకా పోయింది. ఎందుకైనా మంచిదని ఆగాడు.

ఆగినందుకు తగ్గట్టే, నాలుగు రోజుల తర్వాత ఒక తెల్లవారుజామున అది కనపడింది. ఏదో గట్టు తగాదా ఉండి పెందలాడే బయలుదేరాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర మసక వెలుతురులో ఒక మనిషి, పక్కన బక్కెట్టు. రోడ్డుకు అటూ ఇటూ చూసి వంగుతోంది, లేస్తోంది, మళ్లీ బక్కెట్టు వైపు తిరుగుతోంది. దగ్గరికి పోతే సుమతి.

తన అనుమానం నిజమైతే సంతోషపడాలి. అతనికి మాత్రం గుండెలో గాలి పోయినట్టయింది. ఆ బాధంతా కోపమై నోట్లోకి వచ్చింది.

"మీరే చల్లి, మీరే అతుకులేస్తారా?"

సుమతి నడుము నిలబెట్టి అతని వైపు తిరిగింది. చేతిలో చీపురు ఉంది. కాలితో బక్కెట్టును అతని వైపు తోసింది. నిండా పలక పెచ్చులు, దుమ్ము.

"చల్లేదానికైతే చీపురెందుకు సార్?"

అంతలో పలకల ఫ్యాక్టరీల వైపు నుంచి పెచ్చులు నింపుకున్న ట్రాక్టరు వచ్చింది. స్పీడ్ బ్రేకర్ మీద ట్రాలీ ఎగిరిపడింది. వెనక తలుపు సందులోంచి గుప్పెడు పెచ్చులు జలజల రాలి, ఊడ్చిన చోటే పడ్డాయి. డ్రైవరు వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

సుమతి మళ్లీ వంగి ఊడ్చింది. ఊడుస్తూనే చెప్పింది. "మీరు వచ్చిన కాడ్నించి ఊడుస్తన్నా. ట్రాక్టర్లు తిరుగుతానే ఉంటాయి, ఎంత ఊడ్చినా మళ్లీ పడతాయి. పంక్చర్ షాపోళ్లు రోడ్డూడ్చుకుంటే తినేదేందని మా నాయన తిడతానే ఉన్నాడు." అక్కడ ఆగింది. "మీరు రాళ్లేరుకోని జేబులో పెట్టుకుంటాంటే, మా షాపుకొచ్చేదానికి సాకు వెతుక్కుంటన్నారేమో అనుకున్నా. మీరు సాక్ష్యం వెతుక్కుంటన్నారు."



టైర్లు నిన్ననే వచ్చాయని చెప్పి, షాపు తెరిచి, రెండూ ఎక్కించింది. బలపం పెట్టి రెండు చక్రాలూ తిప్పి చూసింది. అతను రెండుసార్లు తప్పయిందన్నాడు. ఆమె రెండుసార్లూ గాలి చూసుకుంటూ ఉండిపోయింది. చివర్లో ఒక్క మాటంది.

"ఇంక మీకు పంక్చర్ కాదు. మాతో పనుండదు."

ఆమె చెప్పినట్టే అయింది. కొత్త టైర్లు పెచ్చుల మీద కరకరమంటూ పోయేవి, గాలి ఒక్క వీసం తగ్గేది కాదు. పల్లెల్లో గులకరాళ్ల బాటలు కూడా మెత్తబడినట్టుండేవి. అంత మంచి టైర్లను శివనాగరాజు మనసులో తిట్టుకున్నంతగా ఇంకెవరూ తిట్టుకుని ఉండరు. మెసేజి ఎప్పుడో తీసేశాడు. రోజూ షాపు ముందు నెమ్మదిగా పోయేవాడు. సుమతి తల ఎత్తేది కాదు.

అతను చీపురు కొన్నాడు. తెల్లవారకముందే పోయి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊడ్చేవాడు. సర్వేయరు సారు రోడ్డూడుస్తున్నాడని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాడు. ట్రాక్టర్లను ఆపి, ఒక్కో డ్రైవరునూ బతిమాలి, ట్రాలీ తలుపు సందుల్లో గోనెపట్టాలు దోపించాడు. ఉత్త పుణ్యానికి ఇంత పని ఎవరు చేస్తారని వాళ్లూ అతన్ని అనుమానంగానే చూశారు. కొన్నాళ్లకు రోడ్డు మీద పెచ్చులు పడటం తగ్గింది. షాపుకు పంక్చర్లూ తగ్గాయి. నరసింహులు ఖాళీగా కూర్చుని, ఈ పని ఎవరిదో కూతురికి చెప్పాడు. సుమతి విననట్టే విన్నది.

ఒక సాయంత్రం శివనాగరాజు సైకిల్ నడిపించుకుంటూ షాపు దగ్గరికి వచ్చాడు. వెనక టైరు నేలకు అతుక్కుపోయి ఉంది.

సుమతి టైరును అనుమానంగా చూసింది. గీత కూడా లేదు. లోపల వేలు తిప్పింది. ఏమీ తగల్లేదు. ట్యూబుకు గాలి పట్టి, తొట్టిలో ముంచి చుట్టూ తిప్పింది. ఒక్క బుడగా రాలేదు. ఇంకోసారి తిప్పింది. నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. అందులో రెండు ముఖాలు కనపడుతున్నాయి.

"పంక్చర్ లేదు సార్."

"లేదు."

"గాలెవరు తీసినారు?"

"నేనే."

ఆమె తల ఎత్తలేదు. నీళ్లలోంచే అతన్ని చూసింది.

"సాకు వెతుక్కుంటన్నానని అనుకుంటివి గదా," అన్నాడు అతను. మీరు అనడం ఎప్పుడు మానేశాడో అతనికే తెలియలేదు. "అప్పుడు అది సగమే నిజం, సుమతీ. ఇప్పుడు మొత్తం నిజం. టైరు బాగుంది. నేనే బాగలేను."

సుమతి ట్యూబును గుడ్డతో తుడిచింది. అవసరం లేకపోయినా మళ్లీ తుడిచింది.

"మీ అనుమానాలన్నీ పోయినాయా?"

"పోయినాయి."

"నాయి పోలేదు," అంది. పెదవుల చివర నవ్వును మాత్రం దాచుకోలేకపోయింది. "రేపు గూడా రండి. గాలి తీయకుండా. వస్తారో లేదో చూస్తా."

వెనక నుంచి దగ్గు వినపడింది. నరసింహులు రిమ్ము పక్కన పెట్టి లేచి వచ్చాడు. శివనాగరాజు గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అన్నా, అది ఏందంటే..."

"ముందు ఆ అన్నా అనేది ఆపు," అన్నాడు నరసింహులు. "వచ్చిన రోజు నుంచి చూస్తన్నా. నన్ను అన్నా అంటే మా పాప నీకు కూతురు వరసవుతాది. సర్వేయరువు, హద్దులు తెలిసినోడివి, ఈ మాత్రం తెలవదా? రేపు గిద్దలూరొచ్చి మీ నాయనతో మాట్లాడాలంటే నేను ఏ వరసతో మాట్లాడాల?"

సుమతి చక్రం ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది. చువ్వల మధ్య నుంచి మాత్రం చూస్తూనే ఉంది.

ఎన్నో హద్దులు తేల్చిన శివనాగరాజుకు, ఒక్క మాటతో హద్దు చెరిపి మళ్లీ గీయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. చుట్టూ చూశాడు.

"మామా," అన్నాడు చివరికి. "పంపు ఎక్కడుంది?"

నరసింహులు పంపు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"నువ్వు తీసిన గాలి నువ్వే కొట్టుకోవాల."