గంటన్నర తేడా

కోరుట్లలో బీడీ ఆకు గోదాము వెనక పొద్దున లస్మయ్య శవం దొరికింది. మెడకు మగ్గం దారం బిగించి చంపారు. షార్జా ఎయిర్‌పోర్టులో లోడర్‌గా చేసి వచ్చిన లస్మయ్య ఇంటెలిజెన్స్‌కు ఇన్‌ఫార్మర్. చచ్చిపోయే ముందు ఏజెంట్ ఆదిల్‌కు ఫోన్ చేశాడు.

"సార్, సామాను సిరిసిల్లకు పోయింది."

అంతే. లైన్ కట్టయింది.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు కదలడం లేదు. ఢిల్లీ నుంచి చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా వచ్చింది. ఓ విదేశీ ముఠా సమ్మె శిబిరంలో బాంబు పేల్చబోతోంది. శవాలు లేస్తే రాష్ట్రమంతా అంటుకుంటుందని వాళ్ల ప్లాన్. టార్గెట్ టైమ్ సాయంత్రం ఐదు. స్పాట్ తెలియదు. దుబాయ్ ఏజెంట్ సరిత వస్తోంది, మిగతాది ఆమె చెబుతుంది.

మరమగ్గాల స్పేర్‌పార్టుల సేల్స్‌మన్ వేషంలో ఆదిల్ జగిత్యాలలో ఓ హోటల్లో కూర్చున్నాడు. మధ్యాహ్నం సరిత వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన అత్తరు.

"గోదావరి నిండిందా?" అడిగాడు.

"ధర్మపురి దాకా."

కోడ్ సరిపోయింది. బాంబు జగిత్యాలలోనే, క్లాక్ టవర్ దగ్గర ఉందని చెప్పిందామె. లస్మయ్య రెండు వైపులా అమ్ముడుపోయాడట, వాడి మాట నమ్మొద్దట. ఆదిల్ మామూలుగా ప్రయాణం గురించి అడిగాడు.

"దుబాయ్‌ల పొద్దుగాల ఏడింటి ఫ్లైట్ ఎక్కిన. పదకొండుకు శంషాబాద్‌ల దిగిన. కార్ల అచ్చిన."

ఆదిల్ టీ కప్పు కింద పెట్టాడు. దుబాయ్ నుంచి శంషాబాద్ రెండున్నర వేల కిలోమీటర్లు. దాదాపు నాలుగు గంటల ప్రయాణం. కానీ మన గడియారం గంటన్నర ముందుంటుంది. ఏడింటికి ఎక్కినవాళ్లు దిగేసరికి ఇక్కడ పన్నెండు దాటాలి. సరిత ఇవాళ ఏ విమానమూ ఎక్కలేదు. పొద్దున కోరుట్లలోనే ఉంది. అమ్ముడుపోయింది లస్మయ్య కాదు, అతన్ని చంపిన ఈమే. లస్మయ్య చెప్పిందే నిజం.

క్లాక్ టవర్ దగ్గరికి వెళ్దామన్నాడు. ఆమెను జీపు ఎక్కించుకున్నాడు. జీపు సిరిసిల్లకు వెళ్లే వేములవాడ రోడ్డు పట్టగానే ఆమె కళ్లద్దాలు తీసింది. అప్పటికే చేతికి బేడీ పడింది.

సిరిసిల్ల శిబిరంలో నేత కార్మికులు, బీడీలు చుట్టే ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. సమ్మెను కాదని బైపాస్ మీద లారీలను వదిలేస్తున్నారని శిబిరం పెద్ద ఆగయ్య చెవిలో ఆదిల్ ఓ అబద్ధం వేశాడు. అందరూ రాస్తారోకోకు పరిగెత్తారు. ఖాళీ టెంటులో ఆదిల్ సరితను స్టేజీ ఇనుప పైపుకు బిగించాడు.

"ఏడ పెట్టినవ్?"

ఆమె నవ్వింది.

"లస్మయ్య పెండ్లాం సత్యవ్వకు ఇంకా ఎవరూ చెప్పలే. మొగడు తిండికి అస్తడని సూస్తున్నది. నాకేం తొందర లేదు, బయట కూసుంట," అన్నాడు ఆదిల్.

కుర్చీ తీసుకుని రోడ్డు అవతలికి వెళ్లి కూర్చున్నాడు. సిగరెట్ వెలిగించాడు. బేడీ లాగి లాగి ఆమె మణికట్టు చీలింది. రక్తం చీర కొంగు మీద కారింది. అతను చూస్తూ ఉన్నాడు. సిగరెట్ అయిపోయింది. రెండోది వెలిగించాడు.

"సౌండ్ బాక్సుల!" సరిత గొంతు చించుకుంది. "స్టేజీ కింద సౌండ్ బాక్సుల ఉన్నది!"

ఆదిల్ పరిగెత్తలేదు, నడిచే వచ్చాడు. బాక్సు తెరిచి కటర్‌తో వైర్లన్నీ తెంపాడు. డిస్‌ప్లే మీద నాలుగు సెకన్లు మిగిలాయి.

"చెప్పకపోతే నన్ను గిట్లనే వదిలిపెడుదువా?" ఏడుస్తూ అడిగింది.

"వదిలిపెడుదు."

ఆమెనూ బాంబునూ పోలీసు వ్యాన్ తీసుకెళ్లాక జనం తిరిగొచ్చారు. తెగిన సౌండ్ బాక్సు వైర్లు చూసి ఆగయ్య మండిపడ్డాడు. కొత్త బాక్సు వచ్చేదాకా నినాదాలన్నీ ఈ సేల్స్‌మనే మైకు లేకుండా గొంతెత్తి ఒర్రాలని తీర్పు చెప్పాడు.

రిపోర్టు కోసం చీఫ్ ఫోన్ చేసేసరికి ఆదిల్‌కు గొంతు లేదు.